ఒక్క బాత్రూమ్, పదిమంది మనుషులు: వజూ గురించి నాలుగు మాటలు

ఇంటర్నేషనల్ సిటీలో బెడ్ స్పేస్‌లో ఉండే అన్నదమ్ములకు తెల్లవారుజాము కష్టం తెలిసిందే. ఒకరికి ఫజర్ నమాజు, ఇంకొకరికి డ్యూటీ బస్సు, ఇద్దరికీ ఉన్నది ఒకటే బాత్రూమ్. గొడవలు అక్కడే మొదలవుతాయి.

వజూలో ఖురాన్ చెప్పినవి నాలుగు: ముఖం కడగడం, మోచేతుల దాకా చేతులు కడగడం, తడి చేత్తో తల తుడవడం, చీలమండల దాకా పాదాలు కడగడం. మూడేసి సార్లు కడగడం సున్నత్. టైం లేకపోతే ఒక్కసారి చాలు. ప్రవక్త ఒక ముద్ద్ నీళ్లతో, అంటే లీటరు కూడా నిండని నీళ్లతో, వజూ చేసేవారని హదీసు. కుళాయి వదిలేయకండి, మగ్గు పట్టండి.

ఫజర్ వజూ భంగం కాకపోతే జుహర్‌కూ అదే సరిపోతుంది. దెబ్బకు కట్టు ఉంటే దాన్ని విప్పక్కర్లేదు, పైన తడి చేత్తో తుడిస్తే చాలు. నీళ్లు తగిలితే హాని అని డాక్టర్ అంటే తయమ్ముం ఉంది.

పాదాలు, వేళ్ల సందులు బాగా తుడుచుకున్నాకే సేఫ్టీ షూ వేసుకోండి. తడి కాళ్లతో పగలంతా ఉంటే వేళ్ల మధ్య ఒరుస్తాయి. బాత్రూమ్ నేల కూడా తుడిచి రండి, వెనక వచ్చేవాడు జారిపడతాడు.

వేరే మతం తమ్ముళ్లూ, వాళ్లకు రెండు నిమిషాలు ఇవ్వండి. మీ పండగ రోజు వాళ్లూ ఇస్తారు.