నీడను ముందే చూపించే టంగ్‌స్టన్ దీపాలు

సన్నని టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగి వెలుగివ్వడమే టంగ్‌స్టన్ దీపం పనితీరు. ఈ లోహం సుమారు 3,420 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. ఇళ్లలో వెలిగిన పాత బల్బులదీ ఇదే పద్ధతి. స్టూడియోల్లో మాత్రం ఎక్కువగా క్వార్ట్జ్ గొట్టంలో హాలోజన్ వాయువు నింపిన రకం వాడతారు. తీగ నుంచి ఆవిరైన లోహాన్ని ఆ వాయువు మళ్లీ తీగ మీదికే చేరుస్తుంది. దాంతో బల్బు లోపలి వైపు నల్లబడదు, వెలుగు రంగు నిలకడగా ఉంటుంది.

ఫ్లాష్ రెప్పపాటులో వెలిగి ఆరిపోతుంది. ముక్కు నీడ ఎక్కడ పడిందో ఫొటో వచ్చాకే కచ్చితంగా తెలుస్తుంది. టంగ్‌స్టన్ దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని జానెడు జరిపితే చెంప మీది నీడ ఎంత కదిలిందో కళ్లెదుటే కనిపిస్తుంది. 1930లలో హాలీవుడ్ తారల చిత్రాలు తీసిన జార్జ్ హరెల్ ఆ చిత్రాల్లోని గాఢమైన నీడలను ఇలాంటి దీపాలతోనే దిద్దుకున్నాడు. వెలుతురు నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి గురువు దొరకడం కష్టం.

చిక్కు రంగు దగ్గర వస్తుంది. స్టూడియో టంగ్‌స్టన్ వెలుగు రంగు ఉష్ణోగ్రత 3,200 కెల్విన్, పగటి వెలుగుది సుమారు 5,500. అందుకే మొదటిది పసుపుగా కనిపిస్తుంది. ఫిల్మ్ రోజుల్లో దీనికోసం ప్రత్యేకమైన ఫిల్మో, లెన్స్ మీద నీలి ఫిల్టరో వాడేవారు. డిజిటల్ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ మారిస్తే సరిపోతుంది. అయితే కిటికీ వెలుగు కూడా కలిస్తే ముఖం ఒక పక్క నీలంగా, మరో పక్క పసుపుగా వస్తుంది. రెండింటినీ ఒకే సెట్టింగు సరిచేయలేదు. అప్పుడు తెర వేసేయడమే మేలు. దీపానికి నీలి జెల్ పొర కట్టవచ్చు గానీ అది సగానికి పైగా వెలుగును మింగేస్తుంది. వెలుగు ఎక్కువైనప్పుడు డిమ్మర్‌తో తగ్గిస్తే అది ఎర్రబడుతుంది. దానికి బదులు దీపాన్ని వెనక్కి జరపాలి. దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఈ దీపం తీసుకున్న కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. ఎల్ఈడీలు రాకముందు పెళ్లి వీడియో లైటు ముందు చెమటలు కక్కిన వధూవరులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లాష్‌తో పోలిస్తే అందే వెలుగూ తక్కువే. షట్టర్ నెమ్మదిగా పడాలి, కెమెరాకు ట్రైపాడ్ కావాలి, కూర్చున్న మనిషి కదలకూడదు.

వెయ్యి వాట్ల దీపం ఒక్కటే 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. రెండింటిని ఒకే 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించకూడదు. హాలోజన్ బల్బును ఉత్త చేత్తో తాకితే వేలి జిడ్డు అంటిన చోట క్వార్ట్జ్ దెబ్బతింటుంది. కాగితం, గుడ్డ, థర్మకోల్ దూరంగా ఉండాలి. గొడుగులు, సాఫ్ట్‌బాక్సులు వేడికి ఓర్చే రకమే కావాలి. ఆర్పగానే దీపాన్ని కదిలిస్తే వేడి మీదున్న తీగ తెగిపోవచ్చు.

కదలని వస్తువులకు, ఓపికగా కూర్చునే మనిషి ముఖానికి ఇది ఇప్పటికీ నమ్మకమైన వెలుగే. పసిపిల్లలకు, నాట్య భంగిమలకు మాత్రం ఫ్లాషే సరైనది.