ఫోర్డ్ వెళ్లిపోయింది, బండ్లు ఉండిపోయాయి: సెకండ్ హ్యాండ్‌లో ఏది కొనొచ్చు, ఏది వదిలేయాలి?

కొత్తవలస జంక్షన్ దగ్గర ఓ పది నిమిషాలు రోడ్డు చూడండి. ఇటు పెందుర్తి మీదుగా విశాఖ, అటు విజయనగరం, ఇంకోవైపు ఎస్.కోట మీదుగా అరకు. ఈ ట్రాఫిక్‌లో ఫిగో, ఎకోస్పోర్ట్ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఫోర్డ్ మాత్రం 2021 సెప్టెంబర్‌లోనే ఇండియాలో కార్ల తయారీకి గుడ్‌బై చెప్పేసింది.

సెకండ్ హ్యాండ్ ఎకోస్పోర్ట్ కొందామా అని ఎవరిని అడిగినా రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు "ట్యాంక్ బాసూ, కళ్లు మూసుకుని తీసుకో" అంటారు. ఇంకొకరు "కంపెనీయే లేదు, పార్టులెక్కడ దొరుకుతాయ్?" అంటారు. విచిత్రం ఏంటంటే ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే బ్రాండ్, కానీ ఒకే బండి కాదు. ఏ సంవత్సరం, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అన్నదాన్ని బట్టి అనుభవం మారిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఆగిపోయిన ఫ్లాగ్‌షిప్ ఫోన్ లాంటిది. హార్డ్‌వేర్ బాగుంటే పండగే, మదర్‌బోర్డ్ పోతే తిప్పలే. తేడా ఒక్కటే. ఫోన్ పోతే ఇరవై వేలు పోతాయి. ఇక్కడ పోయేది ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి దాచిన డబ్బు.

ముందు కథ క్లుప్తంగా

హెన్రీ ఫోర్డ్ 1903 జూన్‌లో కంపెనీ పెట్టాడు. 1908లో మోడల్ టీ వచ్చింది. 1913లో కదిలే అసెంబ్లీ లైన్ మొదలయ్యాక, ఛాసిస్ బిగించడానికి 12 గంటలకు పైగా పట్టే పని గంటన్నరకు దిగింది. 1927లో ఆపేసే నాటికి కోటిన్నర మోడల్ టీలు తయారయ్యాయి. కారు డబ్బున్నోళ్ల బొమ్మ కాదు, మామూలు మనిషి వస్తువు అని నిరూపించిన కంపెనీ ఇది.

ఇండియాకి ఫోర్డ్ మొదటిసారి వచ్చింది 1926లో. మద్రాస్, బొంబాయి, కలకత్తాల్లో కార్లు అసెంబుల్ చేసేది. దిగుమతులపై ఆంక్షలు పెరగడంతో 1950ల మొదటి సగంలో దుకాణం కట్టేసింది. అంటే 2021లో వెళ్లడం మొదటిసారి కాదు, రెండోసారి.

ఆర్థిక సంస్కరణల తర్వాత 1995లో మహీంద్రాతో కలిసి మళ్లీ వచ్చింది. ఎస్కార్ట్‌తో మొదలుపెట్టి, చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో ప్లాంట్ పెట్టింది. 1999లో ఐకాన్, 2003లో ఎండీవర్, 2010లో ఫిగో, 2013 జూన్‌లో ఎకోస్పోర్ట్. ఎకోస్పోర్ట్ లాంచ్ ధర 5.59 లక్షలు, ఢిల్లీ ఎక్స్‌షోరూమ్. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ అనే మార్కెట్‌ని ఊపేసిన బండి అదే. బ్రెజా 2016లో, నెక్సాన్ 2017లో వచ్చాయి. అప్పటికి ఎకోస్పోర్ట్ రోడ్డు మీద మూడు నాలుగేళ్లుగా ఉంది.

మరి ఎందుకు నిలబడలేదు?

2015లో గుజరాత్‌లోని సనంద్‌లో రెండో ప్లాంట్ కూడా తెరిచింది. రెండూ కలిపి ఏటా 4 లక్షలకు పైగా కార్లు చేయగలవు. అమ్మకాలు మాత్రం ఆ దరిదాపుల్లోకి రాలేదు. చివర్లో మార్కెట్ వాటా 2 శాతం కంటే తక్కువ. పోటీ కంపెనీలు వరుసగా కొత్త మోడళ్లు దింపుతుంటే ఫోర్డ్ అదే ఎకోస్పోర్ట్‌కి మెరుగులు దిద్దుతూ కూర్చుంది. మన పెనుకొండలో ప్లాంట్ పెట్టిన కియా 2019 ఆగస్టులో సెల్టోస్ తెచ్చి ఎంత వేగంగా పాతుకుపోయిందో గుర్తుందిగా? ఆ సెగ్మెంట్‌లో ఫోర్డ్ దగ్గర కారే లేదు. మహీంద్రాతో కొత్తగా కుదిరిన జాయింట్ వెంచర్ 2020 డిసెంబర్ 31న రద్దయింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని చెప్పి తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాదాపు 4 వేల మంది ఉద్యోగుల మీద దెబ్బ పడింది. సనంద్ ప్లాంట్‌ని టాటా 725.7 కోట్లకు కొనుక్కుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కంపెనీ వెళ్లింది వ్యాపారం సాగక. బండ్లన్నీ చెడ్డవై కాదు. అలాగని అన్నీ మంచివి కూడా కాదు. అదే ఇప్పుడు చూద్దాం.

ఓనర్లు మెచ్చుకునేవి

డ్రైవింగ్. ఇది ఒప్పుకోని ఫోర్డ్ ఓనర్ దొరకడం కష్టం. స్టీరింగ్‌కి బరువుంటుంది, హైవే మీద వందలో వెళ్తున్నా బండి తేలిపోదు, మలుపుల్లో నమ్మకం ఇస్తుంది. కొత్తవలస నుంచి అరకు వెళ్లేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

రెండోది 1.5 టీడీసీఐ డీజిల్ ఇంజిన్. 2015 తర్వాతి ఫిగో, ఆస్పైర్‌లలో 100 పీఎస్ పవర్. అంత చిన్న బండికి ఇది ఎక్కువే. మైలేజ్ కూడా బాగుంటుందని పేరు. రోజూ విశాఖ వెళ్లొచ్చేవాళ్లు దీన్ని వదులుకోకపోవడానికి కారణం ఇదే.

ఓనర్లు తిట్టుకునేవి: గేర్‌బాక్స్

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పాత ఎకోస్పోర్ట్ పెట్రోల్ ఆటోమేటిక్‌లో, 2015 ఫిగో, ఆస్పైర్ 1.5 పెట్రోల్ ఆటోమేటిక్‌లలో ఉన్నది పవర్‌షిఫ్ట్ అనే 6 స్పీడ్ డ్యూయల్ క్లచ్. ఇందులోవి డ్రై క్లచ్‌లు, అంటే ఆయిల్‌లో మునిగి ఉండవు. ట్రాఫిక్‌లో మెల్లగా పాకుతూ వెళ్తే వేడెక్కుతాయి. వణుకు, గేర్ పడకపోవడం, కంట్రోల్ మాడ్యూల్ పోవడం అనేవి ప్రపంచమంతా వచ్చిన ఫిర్యాదులు. ఆస్ట్రేలియాలో ఫోకస్, ఫియస్టా, ఎకోస్పోర్ట్ ఓనర్ల ఫిర్యాదులను సరిగా పట్టించుకోలేదని 2018లో కోర్టు ఫోర్డ్‌కి కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అమెరికాలో ఫియస్టా, ఫోకస్ ఓనర్లు కేసు వేసి సెటిల్‌మెంట్ తెచ్చుకున్నారు.

2017 నవంబర్ ఫేస్‌లిఫ్ట్‌తో ఎకోస్పోర్ట్‌లో దీన్ని తీసేసి మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు. అది నమ్మకమైన పద్ధతి. కాబట్టి "ఆటోమేటిక్ ఎకోస్పోర్ట్" అని యాడ్‌లో కనబడగానే ఎగిరి గంతేయకండి, ముందు తయారీ నెల అడగండి.

నంబర్ ప్లేట్ కూడా ఒక క్లూ ఇస్తుంది. మన రాష్ట్రంలో 2019 నుంచి కొత్త బండ్లన్నిటికీ ఏపీ 39 సిరీస్ మొదలైంది. అంటే ఏపీ 35 విజయనగరం ప్లేట్ ఉంటే అంతకుముందు రిజిస్టర్ అయిన బండి, అది పాత గేర్‌బాక్స్‌దైనా కావొచ్చు. ఏపీ 39 అయితే ఫేస్‌లిఫ్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. కాకపోతే వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ అయిన బండికి ఈ లెక్క కుదరదు. ఆర్‌సీలో తయారీ తేదీ చూడటమే కరెక్ట్.

పెట్రోల్ ఇంజిన్: ఆయిల్‌లో తడిసే బెల్ట్

1.0 ఎకోబూస్ట్ టర్బో, ఆ తర్వాత వచ్చిన 1.2, 1.5 డ్రాగన్ ఇంజిన్లు మూడు సిలిండర్లవి. వీటిలో టైమింగ్ బెల్ట్ ఇంజిన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. రాపిడి తగ్గుతుంది, మైలేజ్ పెరుగుతుంది. కానీ తప్పు గ్రేడ్ ఆయిల్ పోసినా, ఆయిల్ మార్పు వాయిదా వేసినా బెల్ట్ పాడవుతుంది. దాని ముక్కలు ఆయిల్ దారికి అడ్డం పడితే ఇంజిన్‌కే ఎసరు. చెన్నైలో తయారై అమెరికా వెళ్లిన 1.0 ఎకోస్పోర్ట్‌లు కూడా ఉన్న రీకాల్ ఒకటి 2023 డిసెంబర్‌లో జరిగింది. ఫోకస్‌తో కలిపి దాదాపు 1.39 లక్షల బండ్లు, కారణం ఆయిల్ పంప్ బెల్ట్ టెన్షనర్.

అందుకే సర్వీస్ రికార్డ్ లేని ఎకోబూస్ట్ ఎంత తక్కువకి వచ్చినా వద్దు. డ్రాగన్ అయితే ఏ ఆయిల్ వాడారో బిల్లు అడగండి. పదేళ్లకు దగ్గరపడిన బండి అయితే బెల్ట్ మార్పు ఖర్చుని ధరలోంచి తీసేసి బేరమాడండి.

ఇంకోటి, ఇ20 పెట్రోల్. ఫోర్డ్ ఇక్కడ కార్లు ఆపేసింది ఇ20కి తగ్గ బండ్లు రాకముందే. ఇ10 కోసం చేసిన బండ్లలో మైలేజ్ కొద్దిగా తగ్గుతుందని, కొన్నింటిలో 3 నుంచి 6 శాతం దాకా ఉండొచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. పెట్రోల్ ఫోర్డ్ కొనేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోండి.

డీజిల్ తీసుకుంటే బీఎస్6 మోడల్‌లో డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఇంటి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఇంటికి మాత్రమే తిప్పితే అది మసితో నిండిపోతుంది. మధ్యమధ్య హైవే మీద కాస్త వేగంగా, ఆపకుండా నడపాలి.

స్క్రీన్ సంగతి

మన పాఠకులకి ఇష్టమైన భాగం. 2013 ఎకోస్పోర్ట్‌లో వచ్చిన సింక్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. అందులో ఒక మంచి ఫీచర్ ఉంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే కారుకి కనెక్ట్ అయిన ఫోన్ నుంచి నేరుగా ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. అప్పట్లో అది వెళ్లేది 108కి, అంటే 2005లో మన హైదరాబాద్‌లో పుట్టిన సర్వీస్‌కి.

తర్వాత వచ్చిన సింక్ 3 బ్లాక్‌బెర్రీ క్యూఎన్‌ఎక్స్ మీద నడుస్తుంది. ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే రెండూ ఉన్నాయి, ఈరోజుకీ లాగ్ లేకుండా పనిచేసే స్క్రీన్. కానీ ఖర్చు తగ్గించుకోవడానికి 2019 ఫిగోలో, ఎకోస్పోర్ట్ థండర్ ఎడిషన్‌లో వేరే స్క్రీన్లు పెట్టారు. థండర్‌లోది 9 అంగుళాలు, చూడటానికి పెద్దదే. రెండింట్లోనూ ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే లేకుండానే వచ్చాయి. కొత్త మోడల్ కదా అని పాతదానికంటే మెరుగనుకోవద్దు. మీ ఫోన్, కేబుల్ తీసుకెళ్లి గుచ్చి చూడండి.

బీఎస్6 బండ్లలో ఫోర్డ్‌పాస్ యాప్ కనెక్షన్ వచ్చింది. పాత ఓనర్ తన అకౌంట్ నుంచి బండిని తీసేయకపోతే లాక్, లొకేషన్ లాంటివి అతని ఫోన్‌లోనే ఉండిపోతాయి. డబ్బిచ్చే ముందే ఎదురుగా తీయించండి.

"ఇనుప బండి" అంటే సేఫ్ అని కాదు

డోర్ వేస్తే దబ్‌మని చప్పుడొస్తుంది కాబట్టి సేఫ్ అనే నమ్మకం మనకి ఎక్కువ. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఎయిర్‌బ్యాగ్‌లు లేని ఫిగోని గుద్ది చూస్తే పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. 2017లో రెండు ఎయిర్‌బ్యాగ్‌లున్న ఆస్పైర్‌కి మూడు వచ్చాయి. పాత ఫిగో బేస్ వేరియంట్ చవగ్గా వస్తోందని తీసుకునేవాళ్లు ఇది చదివాక ఇంకోసారి ఆలోచించండి.

సర్వీస్, పార్టులు

వెళ్లేటప్పుడు సర్వీస్, విడిభాగాలు, వారంటీ సపోర్ట్ కొనసాగిస్తామని ఫోర్డ్ చెప్పింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్‌ల లాంటి రోజువారీ వస్తువులకి ఇబ్బంది లేదు, బయట కంపెనీలవీ దొరుకుతాయి. ఓనర్ల ఫిర్యాదంతా యాక్సిడెంట్ అయినప్పుడే. హెడ్‌ల్యాంప్, బంపర్, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ లాంటివి ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. కొత్తవలసలో ఉండేవాళ్లకి పెద్ద పనంటే విశాఖే దిక్కు. బండి కొనకముందే అక్కడి వర్క్‌షాప్‌కి ఒకసారి ఫోన్ చేసి, మీరు చూస్తున్న మోడల్‌కి హెడ్‌ల్యాంప్ ఎన్ని రోజుల్లో వస్తుందో అడగండి. వాళ్ల జవాబే మీకు అసలైన రివ్యూ.

2025 అక్టోబర్‌లో తమిళనాడు ప్రభుత్వంతో ఫోర్డ్ ఒప్పందం చేసుకుంది. 3,250 కోట్ల పెట్టుబడితో మరైమలై నగర్‌లో 2029 నుంచి ఇంజిన్లు తయారు చేస్తారు. "ఫోర్డ్ తిరిగొస్తోంది, రేటు పెరుగుతుంది" అని బ్రోకర్ చెబితే నమ్మకండి. అవి ఎగుమతికి చేసే ఇంజిన్లు. మీ ఎకోస్పోర్ట్ డోర్‌కీ దానికీ సంబంధం లేదు.

మా తీర్పు

కొనొచ్చు: రికార్డ్ ఉన్న 1.5 డీజిల్ మాన్యువల్ ఎకోస్పోర్ట్, 2015 తర్వాతి డీజిల్ ఫిగో లేదా ఆస్పైర్. పదేళ్లకే డీజిల్ ఆపేసే రూల్ ఢిల్లీ వైపుది. మన దగ్గర 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది.

ఆలోచించి కొనండి: డ్రాగన్ పెట్రోల్, ఫేస్‌లిఫ్ట్ ఆటోమేటిక్. ఆయిల్ బిల్లులు ఉంటేనే.

వదిలేయండి: పవర్‌షిఫ్ట్ ఆటోమేటిక్ ఏదైనా, రికార్డ్ లేని ఎకోబూస్ట్, ఎయిర్‌బ్యాగ్ లేని పాత ఫిగో.

కాగితాల దగ్గర ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోండి. ఓనర్ పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది అతనిదే. ఇక చివరి మాట. బండి కోసం పెట్టుకున్న బడ్జెట్ మొత్తం బండికే పెట్టేయకండి, కొంత పక్కన ఉంచండి. ఫోర్డ్ ఓనర్లలో నవ్వుతూ తిరిగేవాళ్లకీ, తల పట్టుకునేవాళ్లకీ మధ్య తేడా చాలాసార్లు ఆ కాస్త డబ్బే.