మోటారు వెనక రెక్కలు

కాశీబుగ్గలో ఓ పాత జీడి ఫ్యాక్టరీ. డ్రయ్యరు బ్లోయరుకి అయిదు హార్స్‌పవర్ మోటారు. చెయ్యి పెడితే చుర్రుమంది. "ఏటి గురువా, మళ్లీ వైండింగేనా?" అన్నాడు యజమాని. ఏడాదిలో రెండుసార్లు కాలింది మరి.

వెనక మూత విప్పాను. ప్లాస్టిక్ ఫ్యాన్‌కి మూడు రెక్కలు లేవు. మిగిలినవాటికి జీడి నూనె, పొట్టు కలిసి నల్లటి జిగురు. బొడ్డు పగిలి షాఫ్టు మీద జారుతోంది కూడా.

ఇలా పూర్తిగా మూసి ఉండే మోటారు లోపలికి బయటిగాలి పోదు. లోపలి వేడి పైనున్న పక్కటెముకల్లాంటి గట్లలోకి వస్తుంది, ఫ్యాన్ వాటి మధ్య గాడుల మీదుగా గాలి ఊదాలి. పది డిగ్రీలు అదనంగా వేడెక్కితే వైండింగు ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని మా పనిలో లెక్క. అందరూ వైండింగునే తిడతారు, రెక్కల్ని ఎవరూ చూడరు!

విరిగిన రెక్కలు అంటించమన్నాడు యజమాని. కుదరదన్నాను. నిమిషానికి 1,440 చుట్లు తిరిగేదానికి ఓ పక్క బరువు తేడా వస్తే బేరింగు పోతుంది. షాఫ్టు మందం, ఫ్యాన్ వెడల్పు, బొడ్డు లోతు కొలిచి కొత్తది తెచ్చాను. రెక్కలు నిటారుగా ఉన్నదే తీసుకోవాలి, మోటారు ఎటు తిరిగినా గాలి ఊదుతుంది. వేడినీళ్లలో కాసేపు ఉంచితే బొడ్డు సాగి చేత్తోనే ఎక్కింది. సుత్తి ముట్టుకోలేదు.

టెక్కలి గ్రానైట్ యూనిట్లలో అయితే ఇలాంటి గాడుల్లోనే రాతిపొడి సిమెంటులా గట్టిపడుతుంది. ఉద్దానంలో సముద్రపు గాలికి మూత స్క్రూలే తుప్పుపట్టి ఊడవు.

ఇక్కడ గాడులు గీకి, మూత బిగించి, మూత జాలీకి ఆనించి గాలికి అడ్డుగా ఉన్న జీడిపిక్కల బస్తాని పక్కకి జరిపించాను.