శరీరమనే ఆలయానికీ ఒక లెక్క

ఆదివారం ఆరాధన ముగిశాక కానుకల పెట్టె తెరిచి ప్రతి రూపాయినీ లెక్కపెడతాం. సంఘ పెద్దలు సంతకాలు చేస్తారు. దేవుని సొమ్ముకు లెక్క ఉండాలన్నది మన సంఘాల క్రమం. మన శరీరం పరిశుద్ధాత్మకు ఆలయమనీ, అది మన సొత్తు కాదనీ పౌలు కొరింథీ సంఘానికి బోధించాడు (1 కొరింథీ 6:19, 20). అయినా ఈ ఆలయం విషయంలో ఏ లెక్కా లేకుండానే ఏళ్లు గడిపేస్తున్నాం.

ఫలితం కళ్లముందే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ప్రార్థన మనవుల్లో షుగర్, బీపీ మాట వినబడని వారం మన సంఘాల్లో అరుదు.

చేతిలోని ఫోన్ ఇక్కడ ఉపయోగపడుతుంది. దానిలోని చిన్న సెన్సర్ నడకలోని కుదుపులను గుర్తించి అడుగులుగా లెక్కిస్తుంది. ఫోన్ బల్లమీద పెట్టి ఇల్లంతా ఊడ్చిన తల్లి శ్రమ ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఆ అంకెను అంచనాగానే తీసుకోవాలి. రోజుకు 10,000 అడుగులన్న మాట కూడా వైద్యులు పెట్టిన నియమం కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరు నుండి అది ప్రచారంలోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకు సూచించేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. అంటే ఐదు రోజులు, అరగంట చొప్పున చురుకైన నడక.

ఇక భోజనం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అనే యాప్‌ను రూపొందించింది. మన ఆహారంలో ఏ పోషకం ఎంత ఉందో అందులో చూసుకోవచ్చు. అంత ఓపిక లేనివారు తినే ముందు కంచాన్ని ఫొటో తీసి ఉంచుకుంటే చాలు. అన్నం ఎంత, కూర ఎంత అన్నది వారం చివర తెలిసిపోతుంది. కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నది ఆ సంస్థ సూచన. బబులోనులో దానియేలు కూడా శాకాహారాన్నీ నీళ్లనూ కోరి, పది దినాలు పరీక్షించి చూడమన్నాడు. విశ్వాసంతోనే గడువు పెట్టాడు, ఫలితాన్ని ఇతరుల కళ్లకే విడిచిపెట్టాడు.

అయితే లెక్క గర్వానికీ దారి తీస్తుంది. దావీదు జనసంఖ్య తీయించి ఎంత దుఃఖపడ్డాడో మనకు తెలుసు (2 సమూయేలు 24). సంఘ వాట్సాప్ గ్రూపులో అడుగుల పోటీ పెడితే, మోకాళ్ల నొప్పులతో గుడి మెట్లెక్కలేని అవ్వ మౌనంగా చిన్నబోతుంది. ఎవరి లెక్క వారి దగ్గరే ఉండనిద్దాం. ఆరోగ్య వివరాలు సొంత విషయాలు గనుక యాప్ అడిగిన ప్రతి అనుమతీ ఇవ్వనక్కర్లేదు. యాప్ చూసి మందులు మానడం, మార్చడం అసలే కూడదు. అది డాక్టరును అడిగి చేయవలసిన పని.

సంఘాలకు మా మనవి ఇది. నడక లెక్క ఎలా చూసుకోవాలో యౌవనస్థులు పెద్దల ఫోన్లలో చూపించాలి. ప్రేమ విందులో బిర్యానీ పక్కన ఒక కూరగాయల వంటకం తప్పక ఉండాలి. దైవభక్తితో పోలిస్తే దేహసాధన వల్ల మేలు కొద్దిదేనని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 4:8). ఆ కొద్దినీ విడిచిపెట్టమని మాత్రం రాయలేదు. నడవగలిగినవారం ఈ వారం ప్రార్థన కూటానికి బండి తీయకుండా, ఇరుగుపొరుగు విశ్వాసులను కలుపుకొని నడిచి వెళ్దాం.