ముళ్ళపూడి వెంకటరమణ

ముళ్ళపూడి వెంకటరమణ (జూన్ 28, 1931 - ఫిబ్రవరి 24, 2011) ప్రసిద్ధ తెలుగు కథారచయిత, హాస్యరచయిత, పాత్రికేయుడు, చలనచిత్ర మరియు టెలివిజన్ రచయిత. పసివాని లోకాన్ని పసివాని మాటల్లోనే చెప్పిన "బుడుగు" ఈయన సృష్టి.

బాల్యం, తొలి రచన

తూర్పు గోదావరి జిల్లా ధవళేశ్వరంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా తల్లితో మద్రాసు చేరాడు. అక్కడ బడిలోనే బాపుతో జీవితకాలపు స్నేహం మొదలైంది. "రేడియో అన్నయ్య" న్యాయపతి రాఘవరావు నడిపిన "బాల" మాసపత్రికలో 1945లో తొలి కథ "అమ్మ మాట వినకపోతే" వెలువడింది.

బుడుగు

1953లో ఆంధ్రపత్రికలో ఉపసంపాదకునిగా చేరాడు. ఆ సంస్థ వారపత్రికలోనే బాపు బొమ్మలతో బుడుగు వచ్చింది. తొలి కథ పేరులో పెద్దల హెచ్చరిక ఉన్నది. బుడుగులో మాత్రం తీర్పు చెప్పేవాడు పిల్లవాడే. బాబాయి, సీగానపెసూనాంబ, రెండుజెళ్ళ సీత మొదలైనవారంతా అతని కంటికి కనబడినట్లే పాఠకునికీ కనబడతారు. నీతివాక్యమేదీ ఉండదు. పిల్లలు నవ్వుకొనే చోటనే పెద్దలకు తమ దండింపులలోని అన్యాయం తెలిసివస్తుంది. గిడుగు రామమూర్తి వాదించిన వ్యావహారిక భాష ఇక్కడ పసివాని ఉచ్చారణ వరకు వచ్చింది.

చలనచిత్రాలు, టెలివిజన్

సాక్షి (1967), బాలరాజు కథ (1970), ముత్యాలముగ్గు (1975) మొదలగు బాపు చిత్రాలకు రచన చేశాడు. 1980లలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ప్రాథమిక పాఠశాలల పిల్లలకై బాపుతో కలిసి వీడియో పాఠాలు రూపొందించాడు. తరువాత ఈటీవీలో ప్రసారమైన భాగవతం ధారావాహికకు రచయిత.

చివరి రచనలు

స్వాతి వారపత్రికలో వచ్చిన ఆత్మకథకు పిల్లల ఆట పేరే, "కోతికొమ్మచ్చి" అని పెట్టాడు. 2011లో చెన్నైలో మరణించాడు. ఈయన రచించిన "శ్రీరామరాజ్యం" అదే సంవత్సరం నవంబరులో విడుదలైంది.