సగం చాలని చోట

తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి: దాదాపు ప్రతి జన్యువుకూ మన కణాల్లో రెండు నకళ్ళుంటాయి. ఒకటి పోయినా రెండవది పని నడిపిస్తుందని మనం చదువుకున్నాం. పసిపిల్లల కంటి క్యాన్సరుపై 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ చెప్పిన ‘రెండు దెబ్బల’ సిద్ధాంతం కూడా ఈ నమ్మకం మీదే నిలిచింది. ఎముక మూలుగ దగ్గర మాత్రం ఈ లెక్క తప్పింది.

1974లో బెల్జియం శాస్త్రజ్ఞుడు హెర్మన్ వాన్ డెన్ బెర్గ్ బృందం ఒక విచిత్రమైన రక్తహీనతను వర్ణించింది. ఎర్రకణాలు తక్కువ, ఉన్నవి పెద్దవి. ప్లేట్‌లెట్లు మాత్రం తగ్గవు, ఒక్కోసారి పెరుగుతాయి. ఈ రోగుల మూలుగ కణాల్లో ఐదవ క్రోమోజోము పొడవాటి భుజంలో ఒక ముక్క లేదు. ఇది వంశపారంపర్యం కాదు. నడివయసు దాటాక ఏదో ఒక మూలకణంలో జరిగిన నష్టం, దాని సంతతికి సంక్రమించింది.

మిగిలిన నకలులో రెండవ దెబ్బ కోసం ఏళ్ళ తరబడి వెదికారు. దొరకలేదు. 2008లో బెంజమిన్ ఎబర్ట్ బృందం ప్రశ్ననే మార్చింది. ఆ ముక్కలోని జన్యువులను ఒక్కొక్కటిగా, పూర్తిగా ఆపకుండా, తగ్గించి చూసింది. ఆర్‌పీఎస్14 తగ్గినప్పుడు ఎర్రకణాల ఎదుగుదల కుంటుపడింది. రోగుల కణాలకు ఆ జన్యువును తిరిగి అందిస్తే కోలుకుంది. అది రైబోసోములో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు. మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలను తయారుచేయాలి, వాటిని హీమోగ్లోబిన్‌తో నింపాలి. అంత గిరాకీ ఉన్న చోట సగం రైబోసోము సరుకు చాలదు. కూర్పు కుదరక మిగిలిపోయిన ప్రోటీనులు పీ53 అనే కాపలాదారును మేల్కొలుపుతాయి; లేత ఎర్రకణాలు చచ్చిపోతాయి.

మరి ఇంత బలహీనమైన కణాలు మూలుగను ఎలా ఆక్రమించాయి? అదే ముక్కలో సీఎస్ఎన్‌కే1ఏ1 అనే మరో జన్యువుంది. అది సగమైతే మూలకణానికి పొరుగువాటిపై పైచేయి దొరుకుతుంది. ఆ లాభంలోనే దాని బలహీనత కూడా ఉంది. థాలిడోమైడ్ సంతతికి చెందిన లెనాలిడోమైడ్‌కు ఈ జబ్బులో అమెరికా 2005లోనే అనుమతినిచ్చింది. పనిచేసే తీరు తెలిసింది 2015లో. ఈ మందు ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనునే నాశనం చేయిస్తుంది. రెండు నకళ్ళున్న ఆరోగ్యకరమైన కణం తట్టుకుంటుంది. సగంతో నెట్టుకొస్తున్న కణం తట్టుకోలేదు. పదేళ్ళపాటు వైద్యులు కారణం తెలియకుండానే సరైన తాళంచెవిని వాడారన్నమాట!

అయితే ఆ చావుకూ పీ53 కావాలి. కొందరిలో రోగకణాల పీ53 చెడిపోతుంది. అప్పుడు మందు ప్రభావం తగ్గుతుంది, జబ్బు ల్యుకేమియాగా మారే ప్రమాదం పెరుగుతుంది. ఐదవ క్రోమోజోము లోపం కనిపించిన రోగికి పీ53 పరీక్ష కూడా చేయించడం ఇందుకే.