ఇంటి ఫోను పలకనప్పుడు

ఈ సంచికలో చదువు గురించి, ఉద్యోగాల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. మేము ఒక చిన్న విషయం రాస్తున్నాము. ఇంటి ఫోను పలకకపోతే ఏం చేయాలి అన్నదే ఆ విషయం. చిన్నదే గానీ, అది తెలియక మాకు ఒక ప్రాక్టికల్ పరీక్ష పోయింది. మా నాయనకు మూడు రోజుల కూలి పోయింది.

జరిగింది ఇదీ

మేము ఇద్దరం అన్నదమ్ములం. ఇద్దరమూ పలమనేరు హాస్టల్ అన్నం తిన్నవాళ్లమే. పెద్దవాడు తిరుపతిలో పీజీ చదువుతున్నాడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి అతనే. చిన్నవాడు ఇంకా హాస్టల్లోనే ఉన్నాడు. నాయన బెంగుళూరులో కట్టడం పనికి పోతాడు. ఊర్లో అమ్మ, అవ్వ ఉంటారు. వాళ్లిద్దరికీ కలిపి ఒకటే ఫోను.

2024 అక్టోబరు వానలప్పుడు ఆ ఫోను పలకలేదు. ఒక రోజు చూశాము, రెండు రోజులు చూశాము. ఎప్పుడు చేసినా "స్విచాఫ్ చేయబడినది లేదా కవరేజీ ఏరియాలో లేదు" అన్న మాటే. నాయనకు ఫోన్ చేస్తే "నాకూ తగల్లేదురా" అన్నాడు. అవ్వకు చక్కెర జబ్బు. ఒకరి భయానికి ఇంకొకరి భయం తోడైంది. మూడో రోజు నాయన బెంగుళూరులో బస్సెక్కాడు. తిరుపతిలో పెద్దవాడు మరుసటి రోజు ప్రాక్టికల్ ఉందని తెలిసి కూడా చిత్తూరు మీదుగా బయలుదేరాడు.

రాత్రి ఇద్దరం గంట తేడాతో ఇల్లు చేరాము. అమ్మ తలుపు తీసి మమ్మల్ని చూసి భయపడింది. "ఇద్దరూ ఒగేసారి వచ్చినారే, ఎవురికేమైందిరా?" అని అడిగింది. అవ్వ నిద్రపోతూ ఉంది. ఊరి టవరు పనిచేయక మూడు రోజులైందట. రోడ్డు పనుల్లో జేసీబీ ఎక్కడో కేబుల్ తెంపిందట. "సచ్చిపోయిండేది ఫోను నాయనా, మేము కాదు" అనింది అమ్మ. అప్పుడు నవ్వాము. పొద్దున్నే నవ్వు పోయింది. తొలి బస్సుకు బయలుదేరినా ప్రాక్టికల్ అందలేదు.

ఊరికి గంట దూరంలో హాస్టల్లో చిన్నవాడు ఉన్నాడు. మా పక్క పల్లె పిల్లలు కూడా ఉన్నారు. వార్డెన్ సారుకు ఒక మాట చెప్పి ఉంటే సాయంత్రానికల్లా కబురు తెలిసేది. కానీ సారు నంబరు మా దగ్గర రాసి లేదు.

ఆ మాటకు అర్థం ఏమిటి?

"స్విచాఫ్ లేదా కవరేజీలో లేదు" అన్నది ఒక యంత్రం చెప్పే మాట. ఆ నంబరు గల ఫోను నుంచి జవాబు రాలేదు అన్నంత వరకే దానికి తెలుసు. చార్జింగ్ అయిపోయినా, మనిషి గుట్ట చాటుకు పోయినా, ఊరి టవరే ఆగిపోయినా అదే మాట వస్తుంది. కనుక దాన్ని విని కీడు ఊహించుకోకూడదు. అదే నంబరు చాలాసేపు రింగై ఎవరూ ఎత్తకపోతే అది వేరే సంగతి. రింగవుతోందంటే టవరు, ఫోను రెండూ బాగానే ఉన్నాయని అర్థం. అప్పుడు ఫోను దగ్గర మనిషి ఉన్నాడా అని విచారించాలి.

ఫోను ఎక్కడ ఆగిపోతుంది?

పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజీ నుంచి ఇంటి వరకు రెండు రాగి తీగలు వచ్చేవి. ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ తీగల్లోనే వచ్చేది. అందువల్ల ఊర్లో కరెంటు పోయినా ఫోను పలికేది. తీగ తెగితేనో, స్తంభం మీది పెట్టెలో నీళ్లు చేరితేనో మూగబోయేది.

ఇప్పటి ఫైబర్ ఫోనులో మాట వెలుతురు రూపంలో గాజు తీగలో వస్తుంది. ఆ తీగ కరెంటును మోయదు. ఇంట్లోని పెట్టెకు మన ఇంటి కరెంటే కావాలి. అందుకే కరెంటు పోతే ఆ ఫోను కూడా పోతుంది.

సెల్‌ఫోను సంగతి ఇంకొకటి. టవరుకు కరెంటు పోతే కొంతసేపు బ్యాటరీలు, ఆ తర్వాత జనరేటరు ఉంటే డీజిల్ నిలబెడతాయి. అవీ అయిపోతే టవరు ఆగుతుంది. కరెంటు ఉన్నా, టవరును మిగతా లోకంతో కలిపే కేబుల్ తెగితే లాభం లేదు. అందుకే ఒక్కోసారి ఫోనులో గీతలు నిండుగా కనబడినా కాల్ పోదు. మా ఊరికి జరిగింది అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరంలోనే జనం రోజుల తరబడి అయినవాళ్లతో మాట్లాడలేకపోయారు.

ఇంట్లో ఉన్నవాళ్లు చేయవలసినవి

1. ముందు పక్కింట్లో అడగాలి. వాళ్లదీ అదే కంపెనీ సిమ్ అయి, అదీ పనిచేయకపోతే తప్పు మన ఫోనుది కాదు. మనది ఒక్కటే పోతే ఆపి మళ్లీ ఆన్ చేయాలి, సిమ్ తీసి తుడిచి వేయాలి.

2. ఫైబర్ పెట్టె ఉంటే దాని లైట్లు చూడాలి. ఎల్.ఓ.ఎస్. అని రాసిన చోట ఎర్ర లైటు వెలుగుతుంటే బయట నుంచి వెలుతురు రావడం లేదని, తీగ ఎక్కడో తెగిందో వంగిందో అని అర్థం.

3. సిగ్నల్ బలహీనంగా ఉంటే కాల్ కన్నా ఎస్సెమ్మెస్ మేలు. కాల్ నిలబడని చోట కూడా చిన్న మెసేజీ పోయే అవకాశం ఉంది.

4. సిగ్నల్ లేని ఫోను టవరు కోసం వెతికి వెతికి చార్జింగ్ తినేస్తుంది. వాడనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి.

5. ప్రాణం మీదికి వస్తే 112 కొట్టి చూడాలి. మన కంపెనీ టవరు లేకున్నా, అక్కడ ఇంకో కంపెనీ టవరు అందుతుంటే దాని ద్వారా పోతుంది. ఫోను మీద "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని వస్తే అర్థం అదే.

ఫిర్యాదు ఇవ్వాలి

"ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే" అని ఊరంతా అనుకుంటే ఎవరూ చెప్పనట్టే. మా ఊర్లో మూడు రోజులూ ఒక్కరు కూడా ఫిర్యాదు ఇవ్వలేదు. ఫిర్యాదుల నంబరు 198. ఊర్లో పలకకపోతే సిగ్నల్ ఉన్న చోటికి పోయి చేయాలి. ఫిర్యాదు తీసుకున్నాక వాళ్లు ఒక డాకెట్ నంబరు ఇస్తారు. దాన్ని తేదీతో సహా కాగితం మీద రాసుకోవాలి. ఆ నంబరు లేకపోతే రేపు మన మాటకు ఆధారం ఉండదు. పని జరగకపోతే అదే కంపెనీలో ఉండే అప్పీలు అధికారికి రాసుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి ట్రాయ్ కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. ఒక జిల్లాలో సేవ 24 గంటలకు మించి నిలిచిపోతే బిల్లు కట్టేవాళ్లకు అద్దె తగ్గింపు, రీచార్జి చేసుకునేవాళ్లకు గడువు పెంపు ఇవ్వాలని అందులో ఉంది. ఇది జిల్లా అంతటా ఆగినప్పటి మాట. ఒక్క ఊరి టవరు పోతే మన ఫిర్యాదే మనకు దిక్కు.

ముందే చేసుకోవలసినవి

మన హాస్టల్ పాత అన్నలకు ఇంటింటా ఫోను లేదు. రూపాయి బిళ్ల వేసే డబ్బా ఫోను, పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ ఉండేవి. ఊర్లో అంగడాయన నంబరు పక్కన "పి.పి." అని రాసుకునేవాళ్లు. ఫోన్ చేస్తే ఆయన పిల్లవాడిని పంపి అమ్మను పిలిపించేవాడు. అత్యవసరమైతే టెలిగ్రాం. 2013 జులై 15 నుంచి అదీ లేదు. ఇప్పుడు చేతిలో ఫోను ఉంది గానీ పక్కింటివాళ్ల నంబరు మన దగ్గర లేదు. మా పొరపాటంతా ఇక్కడే ఉంది. ఒక్క తీగను నమ్ముకున్నాము.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మార్చుకున్నాము. తలుపు వెనక ఒక కాగితం అతికించాము. పక్కింటివాళ్లవి వేరే కంపెనీ నంబర్లు రెండు, అంగడి నంబరు, వార్డెన్ సారు నంబరు, నాయన మేస్త్రీ నంబరు దాని మీద ఉన్నాయి. అవే నంబర్లు మా పుస్తకాల్లోనూ రాసుకున్నాము. ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు మాట్లాడాలని ఒక వేళ పెట్టుకున్నాము. ఆ వేళకు ఫోను తగలకపోతే మొదట పక్కింటికి, తర్వాత అంగడికి, ఆ తర్వాత హాస్టల్‌కు చేస్తాము. అన్నీ అయ్యాకనే బస్సు. ఊర్లో ఫోను పోతే అమ్మ పాల వ్యాను డ్రైవరుకు చీటీ ఇస్తుంది. వ్యాను పొద్దునా సాయంత్రం వచ్చిపోతూనే ఉంటుంది గదా.

ఇంకొక మాట. స్కాలర్‌షిప్‌కు, అడ్మిషన్లకు వచ్చే ఓటీపీలు చాలామందికి అమ్మానాన్నల ఫోనుకే పోతాయి. టవరు లేకపోతే ఓటీపీ రాదు. కనుక ఆ పనులు చివరి తేదీ దాకా పెట్టుకోవద్దు.

ఆ తర్వాత డిసెంబరులో మళ్లీ ఒక ఆదివారం అమ్మ ఫోను తగల్లేదు. అంగడికి చేశాము. ఆయన పోయి చూసి వచ్చి "మీ అమ్మ సంగటి కెలకతా ఉందప్పా, టవరు పోయింది, అంతే" అన్నాడు. ఆ రాత్రి పెద్దవాడు చదువుకొని పొద్దున పరీక్ష రాశాడు.

తమ్ముళ్లారా, ఈ సంచిక మూసే ముందు నోటు పుస్తకం చివరి పేజీలో ఐదు నంబర్లు రాసుకోండి. ఈసారి ఇంటికి పోయినప్పుడు అవే ఐదూ మీ ఇంటి తలుపు వెనక కూడా రాసి రండి.